ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు

కాకినాడలో సాయంత్రం ఆరు దాటింది. కాలేజీ పాత బ్లాకులో మేడ మీద చివరి గది. తలుపు మీద 'పూర్వ విద్యార్థుల సంఘం' అని రంగు వెలిసిన బోర్డు. లోపలికి రండి. ఆ కుర్చీలో ఉన్న పాత సావనీర్ల కట్ట తీసి కింద పెట్టి కూర్చోండి. స్క్రీను బాగా కనపడేది అక్కణ్ణించే.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఇదే కాలేజీలో చదువుకుంది. పగలంతా ఇంట్లోంచి ఒక కంపెనీకి డేటా పని చేసుకుని, సాయంత్రాలు ఇక్కడికొచ్చి సంఘానికి సాయం పడుతోంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని పక్కన కూర్చున్నాయన సంఘం కార్యదర్శి. ఉద్యోగమంతా ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఏ బ్యాచ్ వాళ్ళకైనా ఆయన మాస్టారే. డిసెంబరు ఆఖర్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఉంది. అమెరికా నుంచి రావాల్సిన వాళ్ళు టికెట్లు కొనుక్కోవాలంటే కబురు ఇప్పుడే అందాలి.

కిందటిసారి ఏం జరిగిందో మాస్టారు మీకు చెబుతున్నారు.

"లిస్టులో ఉన్నవన్నీ ఒకేసారి కొట్టేశారండి అప్పటి కుర్రాళ్ళు. తెల్లారి చూద్దుం గదా, ఇన్‌బాక్స్ నిండా మెయిలర్ డీమన్ పేరుతో తిరిగొచ్చినవే. మధ్యాహ్నానికల్లా మెయిళ్ళు పంపిపెట్టే కంపెనీవాళ్ళు మన ఖాతా ఆపేశారు. మిగిలినవాళ్ళకి వెళ్ళనే లేదు. 'మాకు చెప్పలేదేం మాస్టారూ' అని జనవరంతా నిష్ఠూరాలే."

ఖాతా ఎందుకు ఆపేస్తారంటే, స్పామ్ పంపేవాడు ఎక్కడో కొన్న జాబితాకు పంపుతాడు. అందులో లేని చిరునామాలు బోలెడుంటాయి. కాబట్టి ఎక్కువ మెయిళ్ళు తిరిగొస్తున్నాయంటే పంపినవాడి మీదే అనుమానం. అమెజాన్ ఎస్‌ఈఎస్ సర్వీసు ఈ హద్దు రాసిపెట్టింది: బౌన్సులు, అంటే తిరిగొచ్చే మెయిళ్ళు, 5 శాతానికి చేరితే ఖాతాను పరిశీలనలో పెడతారు, 10 శాతానికి చేరితే పంపడమే ఆపేయొచ్చు. వెయ్యి మెయిళ్ళలో యాభై తిరిగొస్తే మొదటి హద్దు తగిలినట్టే. పదిహేనేళ్ళుగా ఎవరూ దిద్దని జాబితాకు యాభై ఒక లెక్కా! నష్టం ఆ ఒక్క రోజుతో పోదు. పంపిన డొమైన్‌కు చెడ్డపేరు వస్తే, ఆ తర్వాత సరైన చిరునామాకు వెళ్ళిన ఉత్తరం కూడా స్పామ్‌లో పడుతుంది. లేనివాళ్ళకి పంపిన పాపం ఉన్నవాళ్ళకి తగులుతుంది.

అమ్మాయి షీటు తెరిచింది. కాస్త ముందుకు జరిగి చూడండి.

ఈ చిరునామాలు చాలావరకు పాత సమ్మేళనాల్లో రిజిస్టర్ పుస్తకంలో పెన్నుతో రాసినవి. ఆ పుస్తకం చూసి ఎవరో టైప్ చేశారు. ఒకటి అంకె ఎక్కడ, ఎల్ అక్షరం ఎక్కడ, సున్నా ఎక్కడ, ఓ ఎక్కడ అన్నది ఆ టైపు చేసినవాళ్ళ అదృష్టం. ఒక గడిలో రెండు ఐడీలు, మధ్య అడ్డగీత. ఒకచోట చుక్కకి బదులు కామా. ఒకచోట డాట్ కామ్ ఉండాల్సింది డాట్ కాన్. జీమెయిల్‌లో రెండక్షరాలు తారుమారై 'గామిల్' అయినవి వరసగా నాలుగున్నాయి.

"ఇవి దిద్దేస్తే సరిపోతుంది కదమ్మా?" అన్నారు మాస్టారు.

"కొన్ని దిద్దొచ్చు మాస్టారూ. ఇది చూడండి, జీమెయిల్ ఐడీలో అండర్‌స్కోర్ ఉంది. జీమెయిల్ అసలు అండర్‌స్కోర్ ఒప్పుకోదు. పేరు ఆరు అక్షరాలకి తగ్గకూడదు, ముప్ఫై దాటకూడదు. అంటే ఇది చుక్క అయినా కావాలి, లేదా యాహూ ఐడీని జీమెయిల్ అని రాసుండాలి. ఏదన్నది ఆయన్నే అడగాలి. మనం ఊహించి రాస్తే ఇంకెవరికో వెళ్తుంది."

ఆ జాగ్రత్త నాకు నచ్చింది. తప్పు టైపయిన డొమైన్లు కొన్నింటిని స్పామ్‌గాళ్ళని పట్టడానికి ఉచ్చుల్లా కాపలా పెట్టుకుంటారు. వాటికి పంపిన మెయిలు తిరిగి రాదు, చప్పుడు లేకుండా చేరుతుంది. తిరిగిరాలేదు కదా అని సంతోషిస్తుంటే అక్కడ మన పేరు నల్లజాబితాకెక్కుతుంది.

అమ్మాయి షీటులో ఇంకా కిందికి వెళ్తోంది. బ్యాచ్ మారుతున్నకొద్దీ కాలం మారుతుంది. పైన ఉన్న పెద్దవాళ్ళవి వీఎస్ఎన్ఎల్ ఐడీలు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారానే. తర్వాత రీడిఫ్‌మెయిల్, హాట్‌మెయిల్, యాహూ. తొంభైల చివరి బ్యాచ్‌ల దగ్గర ఆఫీసు ఐడీలు గుంపుగా వస్తాయి, వాటిలో సత్యం కంప్యూటర్స్‌వి చాలా. అప్పట్లో ఉద్యోగం వచ్చిందంటే కంపెనీ ఐడీ ఇవ్వడమే గొప్ప. ఆ సంస్థ 2009లో చేతులు మారింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఆ ఐడీ రాసిచ్చిన కుర్రాడికి ఈపాటికి నెత్తి నెరిసుంటుంది. ఎన్ని కంపెనీలు మారాడో! 2004లో వచ్చిన జీమెయిల్ ఆ తర్వాతి బ్యాచ్‌ల కాలమ్ మొత్తాన్ని ఆక్రమించింది.

జాబితాని మెయిల్ ఐడీలు సరిచూసే సర్వీసుకి తనిఖీకి పంపే ముందు మాస్టారికి ఒక సందేహం వచ్చింది. "మనవాళ్ళ వివరాలు బయటి కంపెనీ చేతిలో పెట్టొచ్చా తల్లీ?" సరైన ప్రశ్న. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, వాళ్ళు ఐడీలు ఇచ్చింది సంఘాన్ని నమ్మి. అమ్మాయి పేర్లు, ఫోన్లు, ఊళ్ళు అన్నీ తీసేసి, వరస నంబరూ మెయిల్ ఐడీ మాత్రమే ఉన్న ఫైలు తయారుచేసింది. ఫలితం వచ్చాక ఆ వరస నంబరు పట్టుకుని ఎక్సెల్ వీలుకప్‌తో మళ్ళీ పేర్లకు కలుపుతుంది. పని అవగానే అక్కడ ఫైలు చెరిపేస్తుంది. తెలిసిన పెద్ద సర్వీసయినా ఇంతకంటే ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు.

ఫైలు ఎక్కింది. శాతం గీత మెల్లగా కదులుతోంది. కింద క్యాంటీన్ నుంచి టీలొచ్చాయి, తీసుకోండి.

"అక్కడ ఏం చేస్తారమ్మా? అందరికీ ఉత్తరాలు పంపి చూస్తారా?"

"లేదు మాస్టారూ, పంపకుండానే కనుక్కుంటారు." అమ్మాయి ఒక పాత ప్రశ్నపత్రం తిరగేసి, వెనక తెల్లగా ఉన్నచోట పెన్నుతో రాయడం మొదలెట్టింది. ముందు చిరునామా ఆకారం సరిగా ఉందా అని చూస్తారు. తర్వాత ఆ డొమైన్‌కి మెయిల్ అందుకునే సర్వరు ఉందా అని డీఎన్ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు వెతుకుతారు. అది లేకపోతే చాలావరకు కథ అక్కడితో సరి. ఉంటే 25వ నంబరు పోర్టులో ఆ సర్వరు తలుపు తడతారు.

కాగితం మీద ఆ సంభాషణ దిగింది. అటువైపు సర్వరు 220 అంటుంది, అంటే సిద్ధంగా ఉన్నానని. ఇటువైపు వాళ్ళు 'ఈహెలో' అని తమ పేరు చెప్పుకుంటారు. 250, సరే. 'మెయిల్ ఫ్రమ్', ఫలానావారు పంపుతున్నారు. 250, సరే. 'ఆర్‌సీపీటీ టూ', ఫలానా ఆయనకి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. 250 అని వస్తే ఆ పెట్టె ఉన్నట్టు. 550 అని, పక్కన 5.1.1 అని వస్తే ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని. తర్వాత రావాల్సిన మాట 'డేటా', ఉత్తరం ఇచ్చేది అప్పుడే. తనిఖీ చేసేవాళ్ళు ఆ మాట అనకుండా 'క్విట్' చెప్పి వచ్చేస్తారు.

మాస్టారు కళ్ళజోడు కిందికి దించుకుని కాగితాన్ని వెలుతురు కేసి పట్టుకున్నారు. "మా రోజుల్లో ఇంత చుట్టుతిరుగుడు ఉండేది కాదనుకుంటానే!"

ఉండేది కాదన్న మాట నిజం. ఈ సంభాషణకు 1982లో జోనథన్ పోస్టెల్ నియమావళి రాసినప్పుడు అందులో 'వెరిఫై' అన్న ఆదేశమే ఉంది. ఫలానా ఆయన ఉన్నాడా అని నేరుగా అడిగితే సర్వరు చెప్పేది. స్పామ్ పంపేవాళ్ళు ఆ ఆదేశంతో వేల పేర్లు అడిగి జాబితాలు కట్టుకోవడం మొదలెట్టాక దాదాపు అందరూ దాన్ని మూసేశారు. కొందరు 252 అని జవాబిస్తారు: చెప్పలేను, పంపితే ప్రయత్నిస్తాను అని దానర్థం. అందుకే ఇప్పుడు ఉత్తరం ఇవ్వబోతున్నట్టు గడప దాకా వెళ్ళి రావాల్సి వస్తోంది.

గీత చివరికొచ్చింది. ఫైలు దిగింది. షీటులో కొత్తగా 'స్టేటస్' అనే కాలమ్ చేరింది: వ్యాలిడ్, ఇన్‌వ్యాలిడ్, క్యాచ్‌ఆల్, అన్‌నోన్. అక్కడక్కడ డిస్పోజబుల్, అంటే పది నిమిషాల అవసరానికి పుట్టి పోయే ఐడీలు. ఒకటి రెండు చోట్ల రోల్, అంటే మనిషి పేరు లేకుండా ఇన్ఫో, అడ్మిన్ వంటి హోదా ఐడీలు.

ఇప్పుడు ఫిల్టరు పెట్టాలి. మాస్టారు వెంటనే అన్నారు, "ఇన్‌వ్యాలిడ్ టిక్కు తీసేయ్, మిగతావాటికి పంపేద్దాం."

అమ్మాయి చెయ్యి మౌసు మీదే ఆగింది. "అలా వద్దు మాస్టారూ." ఫిల్టరు బాణం నొక్కి, అన్ని టిక్కులూ తీసేసి, 'వ్యాలిడ్' ఒక్కటే పెట్టింది. తర్వాత దాన్ని మార్చి, ఆ పట్టీలో అట్టడుగున ఉన్న 'బ్లాంక్స్' మీద టిక్కు పెట్టి మీ ఇద్దరికీ చూపించింది. స్టేటస్ ఖాళీగా ఉన్న వరసలు బయటపడ్డాయి. ఫైలు తనిఖీకి వెళ్ళాక ఎవరో వాట్సాప్‌లో పంపితే చేర్చిన పేర్లు అవి. వాటినెవరూ పరీక్షించలేదు. ఇన్‌వ్యాలిడ్‌ని తీసేయడమనే పద్ధతిలో వెళ్ళుంటే ఇవన్నీ చప్పుడు లేకుండా పంపే జాబితాలోకి వచ్చేసేవి. ఏవి పోవాలో ఎంచేకంటే ఏవి ఉండాలో ఎంచుకోవడం మేలు. ఈ ఒక్క అలవాటుతో తప్పే బౌన్సులు చాలా ఉంటాయని నా గట్టి నమ్మకం.

ఇంకో ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉంటుంది. స్టేటస్ కాలమ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి సార్ట్ కొడితే ఎక్సెల్ పక్క కాలమ్‌లని కూడా కలపమంటారా అని అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కామా, ఒకరి స్టేటస్ ఇంకొకరి పక్కన చేరుతుంది. షీటు చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అమ్మాయి అందుకే సార్ట్ జోలికి పోకుండా ఫిల్టరుతోనే పని చేస్తోంది. స్టేటస్ పక్కన 'తనిఖీ తేదీ' అని మరో కాలమ్ పెట్టి ఇవాళ్టి తేదీ నింపింది. ఆర్నెల్ల కిందటి 'వ్యాలిడ్' ఆర్నెల్ల కిందటి సంగతే చెబుతుంది. ఈలోపు ఉద్యోగం మానేసినవాడి ఆఫీసు ఐడీ మూతపడి ఉండొచ్చు.

క్యాచ్‌ఆల్ అన్నది పెడితే దాదాపు అన్నీ కంపెనీ ఐడీలే కనిపించాయి. దీన్ని మాస్టారికి వివరించడానికి అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని ఉదాహరణగా తెచ్చింది. ఏ పేరు చెప్పినా 'ఆఁ, ఇక్కడ పెట్టి వెళ్ళండి' అనే వాచ్‌మన్ ఉంటాడు. ఆ మనిషి పైన ఉన్నాడో, ఖాళీ చేసి వెళ్ళిపోయాడో అతనికి పట్టదు. కొన్ని కంపెనీల సర్వర్లు అంతే, నోటికొచ్చిన పేరు చెప్పినా 250 అంటాయి. ఆ తర్వాత లోపల చూసుకుని, లేడని తేలితే అప్పుడు తిప్పి పంపుతాయి. కొన్ని అసలు చెప్పకుండా చెత్తలో వేస్తాయి.

"అయితే వీళ్ళకి పంపొద్దా?"

"పంపుదాం, ఇవాళ కాదు. ముందు వ్యాలిడ్ వాళ్ళకి వెళ్ళనిద్దాం. వాళ్ళు తెరిచి చదువుతారు, జవాబులిస్తారు, మన డొమైన్‌కి మంచిపేరు వస్తుంది. తర్వాత వీళ్ళని కంపెనీవారీగా కొద్దికొద్దిగా పంపి, తిరిగొచ్చినవి చూసుకుంటూ వెళ్దాం. ఒక కంపెనీవి వరసగా తిరిగొస్తుంటే అక్కడితో ఆపేద్దాం."

అన్‌నోన్ సంగతి వేరు. అక్కడ సర్వరు జవాబు చెప్పలేదు, లేదా 451 అని, తర్వాత రమ్మంది. కొత్త ముఖాన్ని మొదటిసారి కావాలనే తిప్పి పంపే పద్ధతి 2003 నుంచి వాడుకలో ఉంది, గ్రేలిస్టింగ్ అంటారు. స్పామ్ పంపే యంత్రం సాధారణంగా రెండోసారి రాదు, నిజమైన సర్వరు కాసేపాగి మళ్ళీ వస్తుంది. అందుకని అన్‌నోన్‌లను రేపు ఉదయం మళ్ళీ తనిఖీకి పంపుతారు. వాటిలో చాలావాటికి అటో ఇటో తేలిపోతుంది. అన్‌నోన్ అన్న మాట చూసి చెరిపేస్తే, కాపలా గట్టిగా ఉన్నచోట పని చేస్తున్న మనవాళ్ళనే పోగొట్టుకుంటాం.

మళ్ళీ వ్యాలిడ్. మాస్టారు ఇప్పుడు మౌసు తను తీసుకుని, ఒక్కో పేరూ చదువుతూ కిందికి జరుపుతున్నారు. ఒక పేరు దగ్గర ఆగారు.

"వీడు పోయాడమ్మా. కోవిడ్‌లో."

స్టేటస్ మాత్రం వ్యాలిడ్. సర్వరు అబద్ధం చెప్పలేదు. పెట్టె ఉంది, అందులో చోటుంది, ఎవరు పంపినా పుచ్చుకుంటుంది. రెండేళ్ళు ఎవరూ వాడని ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమలు పెట్టింది. కానీ ఆయన ఫోను ఇంట్లో ఎవరో వాడుతుంటే ఖాతా బతికే ఉంటుంది. 'ప్రియమైన' అని ఆయన పేరుతో మొదలయ్యే ఉత్తరం వాళ్ళావిడ చేతిలో తెరుచుకుంటుంది. మాస్టారు ఆ వరసలో 'పంపకూడదు' అని తనే టైపు చేశారు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఈ ఒక్క తనిఖీ ఏ సర్వీసూ చెయ్యలేదు. బ్యాచ్‌కి ఒక్కరైనా కూర్చుని పేర్లు చదవాల్సిందే.

అలాంటి 'పంపకూడదు' పేర్లన్నిటికీ వేరే ట్యాబు ఉంది. ఆ చిరునామా లేదని రేపు తిరిగొచ్చే హార్డ్ బౌన్సులు, ఇక మెయిళ్ళు వద్దన్నవాళ్ళు అందులోకే వెళ్తారు. పంపే ముందు ప్రతిసారీ కొత్త జాబితాని దానితో సరిచూస్తారు. ఎవరో ఒకరి లాప్‌టాప్‌లో పాత కాపీ ఉండనే ఉంటుంది, దాన్నుంచి చెరిపేసిన వరసలన్నీ మళ్ళీ నడిచొస్తాయి. ఆ ట్యాబు ఉంటే అవి గడప దగ్గరే ఆగుతాయి. పెట్టె నిండిపోయి 452తో తిరిగొచ్చినవాళ్ళని మాత్రం అందులో వెయ్యరు. వాళ్ళకి ఇంకో వారం ఆగి పంపుతారు.

పంపేశారు, వ్యాలిడ్ వాళ్ళకి మాత్రం. అమ్మాయి అందరికీ ఒకేసారి కాకుండా విడతలుగా పెట్టింది. మొదటి విడత వెళ్ళిన కాసేపటికి తిరిగొచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జవాబులు మొదలయ్యాయి. డల్లాస్ నుంచి ఒకాయన, హాస్టల్ గదులు ఇస్తారా అని అడిగాడు.

మాస్టారి ధ్యాస అటు లేదు. ఫిల్టరు మార్చమంటున్నారు. "ఆ ఇన్‌వ్యాలిడ్ వాళ్ళని పెట్టమ్మా. వాళ్ళు లేరని కాదుగా, ఆ ఐడీలు లేవంతే."

ఈ మాట కోసమే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాను. ఫిల్టరు పెట్టేవాళ్ళలో చాలామంది పని అయిపోయిందని ఇక్కడ షీటు మూసేస్తారు. బౌన్సులు తగ్గుతాయి, నిజమే. ఆ వడపోతలో కిందికి జారినవాళ్ళు కూడా ఈ మెట్లు ఎక్కి దిగినవాళ్ళే, కబురు చెప్పమని తమ చేత్తో ఐడీ రాసిచ్చినవాళ్ళే. ఇన్‌వ్యాలిడ్ అన్న జాబితా చెరిపేయాల్సింది కాదు, ఫోన్లు చెయ్యాల్సింది.

ఫోన్ నంబర్ల కాలమ్ తెరిస్తే అమ్మాయి గతుక్కుమంది. సగం గడుల్లో 9.19 అని, పక్కన ఈ ప్లస్ 11 అని ఉంది. పన్నెండంకెల నంబరుని ఎక్సెల్ పెద్ద సంఖ్య అనుకుని కుదించి చూపిస్తోంది. గడి మీద నొక్కి ఫార్మాట్‌ని నంబరుకి మార్చింది. అంకెలన్నీ బయటికొచ్చాయి. అదృష్టం, ఈ షీటుని ఎవరూ సీఎస్‌వీగా సేవ్ చెయ్యలేదు. చేసుంటే చివరి అంకెలన్నీ సున్నాలై పోయేవి, తిరిగి రావు. మొత్తం కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి పెట్టింది.

మాస్టారు మొదటి నంబరు కొట్టారు. స్పీకర్ పెట్టారు, మీకూ వినిపిస్తుంది.

"ఒరేయ్, నేనురా, కాలేజీ నుంచి."

అటు ఒక్క క్షణం మాట లేదు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. "మాస్టారూ! మీరా! చెప్పండి మాస్టారూ."

"నీ మెయిలు మూతపడిందిట. కొత్తది చెప్పు."

అతను పుణెలో ఉన్నాడట. ఐడీ అక్షరం అక్షరం చెబుతున్నాడు, ఎం ఫర్ మదర్, ఎన్ ఫర్ నెల్లూర్. అమ్మాయి రాసుకుని, తిరిగి చదివి వినిపించింది. ఒక చుక్క తేడా వస్తే దిద్దించాడు. ఫోన్ పెట్టకముందే అతనికి ఒక మెయిలు వెళ్ళింది, అందులో ఒకే ఒక లింకు ఉంది. దాన్ని నొక్కితే ఐడీ తనదేనని, కబుర్లు పంపడానికి అతను ఒప్పుకున్నాడని రెండూ ఒకేసారి ఖరారవుతాయి. ఏ తనిఖీ సర్వీసు ఇచ్చే 'వ్యాలిడ్' కన్నా ఇది గట్టిది.

"నొక్కానమ్మా," అన్నాడు అటునుంచి. స్క్రీను మీద అతని వరసలో ఇన్‌వ్యాలిడ్ పోయి కొత్త ఐడీ, పక్కన ఇవాళ్టి తేదీ వచ్చి చేరాయి.

"మాస్టారూ, మా బ్యాచ్‌లో ఇంకా ఇలా తిరిగొచ్చినవాళ్ళు ఎంతమంది?"

అమ్మాయి బ్యాచ్ కాలమ్‌కి ఇంకో ఫిల్టరు పెట్టింది. "పదకొండు మంది సార్."

"పేర్లు పంపమ్మా. నంబర్లు వద్దు, వాళ్ళందరూ నా దగ్గరున్నారు. ఆదివారం లోపల నేను కనుక్కుని చెబుతా."